లెక్కలో లేని కార్లు

ఇది ఒక మహాసంగ్రామం కథ. పన్నెండు రథాలు, నాలుగు రాజ్యాలు, ఐదు నెలల యుద్ధం, నడిమధ్యలో ఒక వీరనారి శపథం, చిట్టచివర బయటపడ్డ ఘోరమైన అన్యాయం. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడవాలి.

పొడవదు. ముందే చెప్పేస్తే ఇద్దరికీ మంచిది. రథాలంటే అద్దెకిచ్చే గో-కార్టులు, బుల్లి రేసు బళ్లు. యుద్ధభూమి అంటే అమెరికాలోని ఆష్‌బర్న్‌లో రెండు డేటా సెంటర్ల వెనకున్న రేకుల గోడౌన్. యుద్ధం నెలకో శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదలై తొమ్మిదీ పన్నెండుకల్లా అయిపోయేది, ఎందుకంటే తొమ్మిదింబావుకి ఎవరో పిల్లాడి బర్త్‌డే పార్టీకి ట్రాక్ బుక్ అయి ఉండేది. వీరనారికి యాభై రెండేళ్లు, ఎడమ మోకాలికి పట్టీ. ఇక ఆ ఘోరమైన అన్యాయం చేసింది నేను. అదీ కత్తితో కాదు, స్ప్రెడ్‌షీట్‌తో.

మొత్తానికి కారకుడు మా రూమ్మేట్. హనుమకొండ వాడు. చిన్నప్పట్నుంచి వాడికి టూరింగ్ కార్ రేసుల పిచ్చి. రేసు కార్లనగానే మనకి నేలకి బల్లిలా అతుక్కుపోయి పరిగెత్తేవి గుర్తొస్తాయి. టూరింగ్ కార్లు అలాంటివి కావు. మనం ఆఫీసుకి వేసుకెళ్లే నాలుగు డోర్ల కార్లనే లోపలి సీట్లు పీకేసి, ఇనప గొట్టాలు బిగించి, ఒకదాన్నొకటి రాసుకుంటూ తోలతారు. "గివన్నీ మన కార్లేరా!" అని మావాడు టీవీకేసి గర్వంగా చూపిస్తాడు. మన కారు ఆ సమయంలో కింద పార్కింగ్‌లో, ఆయిల్ మార్చమని లైటు వెలిగించుకుని ఉంటుంది.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో కార్టింగ్‌కి వెళ్దామన్నారు. వెళ్లాం. పన్నెండు మందిమి. నచ్చింది. నెలనెలా వెళ్దామనుకున్నాం. ఇక్కడే మావాడు అడ్డం తగిలాడు.

"డ్రైవర్లకి చాంపియన్‌షిప్ పెడితే ఎప్పుడైనా మొన్న ఫస్టొచ్చిన గా కొండాపూర్ పిలగాడే గెలుస్తడు. ఇంక మనం పోవుడెందుకు? కంపెనీల చాంపియన్‌షిప్ పెడదాం. టూరింగ్ కార్లల్ల ఉంటది సూడు, గట్ల."

అంటే, ఎవరింట్లో ఏ కంపెనీ కారుంటే వాళ్లు ఆ కంపెనీ తరఫున నడపాలి. మేం నడిపే కార్టులన్నీ ఒకే కంపెనీవి, ఒకే నీలం రంగువి. ఆ విషయాన్ని ఎవరూ లేవనెత్తలేదు. ఉత్సాహంలో ఉన్న మనుషుల్ని అలాంటి ప్రశ్నలడగకూడదు.

కంపెనీల పేర్ల బదులు దేశాల పేర్లు పెట్టుకున్నాం. జపాన్ తరఫున ఏడుగురు. ఆశ్చర్యమేం లేదు. ఈ దేశంలో దిగిన తెలుగువాడు మొదట సోషల్ సెక్యూరిటీ నంబరూ, తర్వాత జపాన్ కారూ తీసుకుంటాడు. అదే ఎందుకని అడిగితే "రీసేల్ బావుంటుంది" అంటాడు. పదకొండేళ్లయినా అమ్మడు. బ్యాటరీ కార్ల వాళ్లు ఇద్దరు, బ్యాటరీయే వాళ్ల దేశం. వీళ్లతో మాట మొదలుపెడితే చార్జింగ్ దగ్గరే ఆగుతుంది. జర్మనీ తరఫున ఒక్కడు. అతని కారు ఎక్కువగా సర్వీస్ సెంటర్‌లో ఉండేది కాబట్టి అతను మా కార్లలోనే వచ్చేవాడు. కొరియా తరఫున మా పక్క టౌన్‌హౌస్ అంకుల్, ఆంటీ.

రూల్స్ మావాడు పార్కింగ్ లాట్‌లో నిలబడి చెప్పాడు. లోపలికి బయటి తిండి తేనివ్వరు కాబట్టి మా సభలన్నీ ఆంటీ వాళ్ల కారు డిక్కీ చుట్టూ జరిగేవి. పాత టూరింగ్ కార్ పోటీల్లో కంపెనీలకి పాయింట్లు ఇలా వేసేవాళ్లట: ఒక కంపెనీ నుంచి ఎన్ని కార్లు దిగినా, వాటిలో ముందొచ్చిన రెండే లెక్క. మూడోదీ నాలుగోదీ ఎంత బాగా పరిగెత్తినా, ఆ పట్టిక వరకూ అవి ట్రాక్ మీద లేనట్టే. డబ్బున్న కంపెనీ పదేసి కార్లు దించి పోటీని మింగేయకుండా అన్నమాట. లెక్కలో ఉన్న కార్లలో మొదటి స్థానానికి పది, తర్వాత ఎనిమిది, ఆరు, ఐదు, అక్కణ్నుంచి ఒక్కోటి తగ్గుతూ ఎనిమిదో స్థానానికి ఒక పాయింటు.

దీని తర్వాత మావాడు ఇంకో వాక్యం కూడా చెప్పాడట. సరిగ్గా అప్పుడే ఆంటీ అల్యూమినియం ట్రే మీది రేకు తీసింది. లోపల మిరపకాయ బజ్జీలు. వాక్యం ఎవరికీ వినపడలేదు.

ఇప్పుడు ఆంటీ గురించి. పందొమ్మిదేళ్లుగా ఇక్కడుంటున్నా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుంది మాత్రం రెండేళ్ల కిందట. రోడ్ టెస్టులో రెండుసార్లు తప్పి, మూడోసారి పాసైంది. లైసెన్సు వచ్చాక అసలు కష్టాలు మొదలయ్యాయి. ఆవిడ కారు తీస్తే పక్క సీట్లో అంకుల్ ఉంటాడు. "బ్రేక్... బ్రేక్... బ్రేకేయమన్నానా!" ఇదే ఆయన పాడే ఏకైక పాట. నోటితో ఆగక కాలితో కూడా బ్రేకులేస్తాడు. ఆ కారులో పక్క సీటు ముందున్న ఫ్లోర్ మ్యాట్ ఆయన కుడికాలి మడమ కింద అరిగి చిల్లు పడింది. నేను చూశాను. లోపలి నుంచి కార్పెట్ కనపడుతుంది.

కార్టింగ్‌కి ఆవిడ ఎందుకొస్తుందో మొదటి నెలలోనే చెప్పింది. హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుంటూ, కార్టు వంక అలా చూసి, "ఒరేయ్, దీనికి పక్క సీటు లేదురా!" అంది. అంత సంతోషం నేను మనుషుల మొహాల్లో గ్రీన్ కార్డ్ వచ్చినప్పుడు కూడా చూళ్లేదు. అది వచ్చినవాళ్లని నేను పెద్దగా చూళ్లేదనుకోండి.

అయితే ఆవిడ చివరొచ్చేది. ప్రతి మలుపు దగ్గరా ఆగి రెండు వైపులా చూసేది. లైసెన్సులిచ్చే డీఎంవీ వాళ్లు నేర్పింది ట్రాక్ మీద వదిలేయడం ఆవిడకి మర్యాదగా తోచేది కాదు.

పాయింట్ల లెక్క నాకు అప్పగించారు. మొదటి రేసు సాయంత్రం కూర్చుని ఫార్ములాలు రాశాను. పన్నెండు మంది వచ్చిన వరుస వేస్తే, మొదటి ఎనిమిది మందికీ పాయింట్లు పడతాయి. తర్వాత జపాన్‌లో మొదటి ఇద్దర్ని ఉంచి మిగతా వాళ్ల పాయింట్లు కొట్టేస్తుంది. అందంగా వచ్చింది. రంగులు కూడా వేశాను. "అందరూ ఒకసారి రివ్యూ చేయండి" అని గ్రూపులో పెట్టాను. మా గ్రూపులో పదిమంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. నాలుగు నిమిషాల్లో తొమ్మిది బొటనవేళ్లు లేచాయి. ఒకరు "లుక్స్ గుడ్ టు మీ" అన్నారు. ఆఫీసులో ఈ మాటకి అర్థం చదవలేదని. ఇంట్లో కూడా అదే అర్థమని నాకు తట్టలేదు. రూల్ తెచ్చిన మా రూమ్మేట్ కూడా బొటనవేలే పెట్టాడు. నా పక్క సోఫాలోనే కూర్చుని.

రెండు రేసులయ్యాయి. ఆంటీ రెండుసార్లూ పన్నెండోది. పట్టికలో ఆవిడ పేరు పక్కన రెండు సున్నాలు. రెండో రేసు వారంలోనే అంకుల్ మేనల్లుడికి పక్కూరు హెర్న్‌డన్‌లో ఉద్యోగం వచ్చి, వాళ్ల బేస్‌మెంట్‌లో దిగాడు. ఇండియాలో బైక్ రేసులు చేశాడట. అంకుల్ కళ్లల్లో ఏదో వెలిగింది. ట్రాక్ వాళ్ల దగ్గరున్నవి పన్నెండే కార్టులు. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి.

ఆ రెండో రేసయ్యాక డిక్కీ దగ్గర, పేపర్ ప్లేట్లు పట్టుకుని అందరం నిలబడి ఉండగా అంకుల్ మాట ఎత్తాడు.

"ఏమోయ్, ఈ బజ్జీలూ అవీ చేసి, పొద్దున్నే లేచి, నీకూ శ్రమే కదా. వచ్చే నెల నుంచి వీణ్ని..."

"ఎవరికి శ్రమ?" అంది ఆంటీ.

"అహ, నీ మోకాలూ..."

"మోకాలు నాది. మీరు నొప్పి పడకండి."

"అది కాదే, పాయింట్లు రావాలిగా! మనకున్నదే రెండు కార్లు. నేను తెస్తున్నా. నువ్వు..." అని సున్నాని నోటితో అనకుండా చేత్తో చూపించాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, చాలా శుభ్రంగా.

ఆంటీ ప్లేటు డిక్కీలో పెట్టింది. "సరే, అందరూ వినండి. ఇంకా మూడు రేసులున్నాయి. ఇవయ్యేలోపు నా పేరు పక్కన ఒక్కటంటే ఒక్క పాయింటు పడకపోతే నేనే దిగిపోతా. మళ్లీ ఈ ట్రాక్ మొహం చూడను. పడిందా, ఈ సీటు నాది. అబ్బాయికి వేరే ఆట చూసుకోండి."

గాలి కూడా ఆగింది అని రాయాలనుంది కానీ, పక్కనే డేటా సెంటర్ ఫ్యాన్లు ఎప్పట్లాగే హోరుమంటున్నాయి. మేనల్లుడు మాత్రం పచ్చిమిరపకాయ కొరికి నీళ్లకోసం వెతుక్కుంటున్నాడు.

తర్వాత నేను ట్రే ఎత్తి కార్లో పెడుతుంటే ఆంటీ నన్ను పక్కకి పిలిచింది.

"నాన్నా, ఒక మాట అడుగుతా. మీ జపాన్ వాళ్లు ఏడుగురు. ఐదుగురు లెక్కలో లేరంటారు. నా ముందు వెళ్లేది ఎక్కువ వాళ్లే. లేనివాళ్లు నాకు ముందెలా ఉంటారు? మరి నేను పన్నెండోదాన్నా, కాదా?"

ఆ ప్రశ్న అప్పుడు నాకు ఎలా వినపడిందంటే, రూటర్‌కి ఇంటర్నెట్ ఎటునుంచి వస్తుందని మా ఇంట్లో అడిగే ప్రశ్నలా. "ఆంటీ, అదంతా షీట్ చూసుకుంటుంది. మీరు డ్రైవింగ్ మీద ఫోకస్ చేయండి," అన్నాను. నవ్వుతూ కూడా అన్నాను. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆవిడ ఫోకస్ చేసింది. మూడో నెల జర్మనీ అతను టైర్ల గోడని గుద్ది ఆగిపోవడంతో పదకొండో స్థానం. షీట్‌లో సున్నా. నాలుగో నెల మళ్లీ పన్నెండు. సున్నా. మధ్య వారాల్లో సాయంత్రాలు ఆవిడ కాలనీ చుట్టూ ఒక్కతే కారులో తిరగడం కిటికీలోంచి చూసేవాణ్ని. స్టాప్ బోర్డు దగ్గర ఆగడం, రెండు వైపులా చూడడం, పోవడం. ముందు ఐదు సెకన్లు చూసేది. చివరికి మూడుకి తెచ్చింది. అంకుల్ వాకిట్లో నిలబడి, ఆవిడ మలుపు తిరిగినప్పుడల్లా కుడికాలు నేలకి నొక్కేవాడు. ఆయనకి తెలీకుండానే.

ఐదో రేసు వచ్చింది. ఆంటీకి కనీసం ఎనిమిదో స్థానం రావాలి. అంటే నలుగురిని దాటాలి. ఆ నలుగురిలో అందరికంటే సులువైనవాణ్ని నేను. ఏడుగురు జపాన్ వాళ్లలో నేను ఎప్పుడూ ఏడో వాణ్నే. ఆ సీజన్‌లో నేను ఒక్క రేసులో కూడా అధికారికంగా లేను. కాబట్టి పోయేదేం లేదని, హెల్మెట్ పెట్టుకునేటప్పుడు ఆవిడ దగ్గరికెళ్లాను.

"ఆంటీ, మూడో ల్యాప్‌లో నేను కొంచెం పక్కకి జరుగుతా. మీరు వెళ్లిపోండి."

"జరిగావంటే ఈ జన్మలో నీకు నా చేతి బజ్జీ లేదు."

"అంటే, హెల్ప్ చేద్దామని..."

"పందొమ్మిదేళ్లు హెల్పే తీసుకున్నా. నీ దారిన నువ్వు పో."

పోయాను. చివరి ల్యాప్ దాకా ఆవిడ నా వెనకే ఉంది. నిజంగా వెనకే. బంపర్ తగిలేంత దగ్గర. మలుపుల దగ్గర ఇంక ఆగడం లేదు, తల మాత్రం అటూ ఇటూ ఒకసారి తిప్పుతోంది, అలవాటు కొద్దీ. చివరి మలుపులో నాకు చెమటలు పట్టాయి. ఇక్కడ నేను ఉదారంగా బ్రేక్ మీద కాలేశానని రాసుకుంటే బావుంటుంది. వేయలేదు. భయంతో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేశాను. నేను పదకొండు, ఆవిడ పన్నెండు. మధ్యలో పట్టుమని కార్టు పొడవు లేదు.

డిక్కీ దగ్గర ఎవరూ ట్రే రేకు తీయలేదు. ఆంటీ గ్లోవ్స్ విప్పి, మడతపెట్టి, మేనల్లుడి చేతిలో పెట్టింది. "మాటంటే మాటే," అంది. అంకుల్ అంతకుముందు నెల నుంచీ ఏ గెలుపు మొహం సిద్ధం చేసుకున్నాడో గానీ, అది ఆ పూట పెట్టుకోలేకపోయాడు. "పోన్లే, ఇంకో సీజన్ చూద్దాం. అంత పట్టింపేంటి?" అని గొణిగాడు. ఆవిడ వినలేదు. మేనల్లుడు ఆ గ్లోవ్స్‌ని వేరేవాళ్ల పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

నేను ఫోన్‌లో షీట్ తెరిచి వరుస ఎక్కించాను. జపాన్, జపాన్, బ్యాటరీ, జపాన్, జపాన్, అంకుల్, జపాన్, జపాన్, జర్మనీ, బ్యాటరీ, నేను, ఆంటీ. మా రూమ్మేట్ నా భుజం మీంచి చూస్తున్నాడు. ఐదు నెలల్లో వాడు ఆ షీట్‌ని చూడడం అదే మొదటిసారి.

"అంకుల్‌కి మూడేందిరా?"

"ఆరో స్థానానికి మూడేగా!"

"ఆయన ఆరోది ఎట్లయితడు? ముందట జపానోళ్లు నలుగురున్నరు. గండ్ల ఇద్దరు లేనట్టే కదా. ఆయన నాలుగోది. ఐదు పాయింట్లు." నా మొహం చూశాడు. "అరే, లేనోళ్లని తీసేసినవ్. ఎనకున్నోళ్లని ముందటికి జరిపినవా లేదా?"

"జరపాలా?"

"ఏందిరా భై, మొదటి రోజే జెప్పిన గదా! గదే అసలు రూలు. లెక్కల లేని కారు జాగ ఎనకదానికి పోతది!"

అదీ ఆ బజ్జీల కింద మునిగిపోయిన వాక్యం.

అక్కడే, డిక్కీ అంచు మీద కూర్చుని, పెన్నుతో పేపర్ ప్లేటు వెనక వేశాం. జపాన్‌లో ఇద్దరు, బ్యాటరీ ఇద్దరు, కొరియా ఇద్దరు, జర్మనీ ఒకడు. లెక్కలో ఉన్న కార్లు ఏడే. పాయింట్లు ఎనిమిదో స్థానం దాకా ఉన్నాయి. అంటే, ఆంటీ అందరికంటే చివరొచ్చినా ఏడోది. ఏడో స్థానానికి రెండు పాయింట్లు. మొదటి నెల రెండు. రెండో నెల రెండు. జర్మనీ గోడని గుద్దిన నెల మూడు. తర్వాత రెండు, ఈవేళ రెండు. మొత్తం పదకొండు.

ఇంకా దారుణం ఏంటంటే, ఆవిడకి సున్నా రావడమన్నది ఈ పద్ధతిలో కుదరదు. రేసు పూర్తి చేస్తే చాలు. శపథం చేసిన రోజుకే ఆవిడ ఖాతాలో నాలుగు పాయింట్లున్నాయి. ఐదు నెలల మహాసంగ్రామంలో ఆవిడ శపథాన్ని ఓడించడానికి ఎవరికీ వీల్లేదు. ఆవిడ స్టాప్ బోర్డుల దగ్గర పడ్డ కష్టం, అంకుల్ నేల మీద తొక్కిన బ్రేకులు, నా చివరి మలుపు చెమట, ఏదీ అక్కర్లేదు.

ఆంటీ ప్లేటు తీసుకుని పైనుంచి కిందికి చదివింది. తర్వాత నా వంక చూసింది. తిట్టి ఉంటే బావుండేది.

"నేను అడిగాను కదరా!" అంది.

"అడిగారు ఆంటీ."

"షీట్ చూసుకుంటుందన్నావు."

"అన్నాను ఆంటీ. సారీ. తప్పు నాది, షీట్‌ది కాదు."

"పది మంది ఇంజినీర్లు! ఒక్కడూ చూసుకోలేదా?"

మిగతా తొమ్మిది మందీ ఫోన్లలోకి చూసుకున్నారు. అప్పుడైనా షీట్ తెరిచారేమో తెలీదు.

ఆవిడ మేనల్లుడి వైపు చెయ్యి చాపింది. అతను ఆ గ్లోవ్స్ ఇచ్చేసిన వేగం చూస్తే బైక్ రేసుల మాట నిజమేననిపించింది. "థాంక్స్ అత్తా, నిజం చెప్పాలంటే నాకు శనివారం పడుకోవడం ఇష్టం," అన్నాడు. ఇంత చిన్న ముక్క మూడు నెలల కిందట ఎవరైనా అతన్ని అడిగి ఉంటే తెలిసేది.

అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "అంటే... పదకొండు నీవేనా?"

"మీరు చేత్తో చూపించండి పదకొండు," అంది ఆంటీ.

ఆయన కాసేపు వేళ్ల వంక చూసుకుని, ట్రే మీది రేకు తీశాడు.

మా రూమ్మేట్ నా ప్లేట్లో ఒకే ఒక్క బజ్జీ వేశాడు. "ఆంటీ నీ ఎనకాల వచ్చి గూడ రెండు పాయింట్లు తెచ్చింది. ముందు వచ్చి నువ్వేం తెచ్చినవ్ రా?"

"నేను లేను కదా!" అన్నాను.

ఆ సాయంత్రమే షీట్ సరిచేసి పంపాను. జపాన్ మొదటి స్థానంలోంచి కదల్లేదు. కొరియా మూడు నుంచి రెండుకి ఎక్కింది. బ్యాటరీ వాళ్లు అభ్యంతరం చెబుతూ పెద్ద మెసేజ్ పెట్టారు. దానికి నాలుగు నిమిషాల్లో తొమ్మిది బొటనవేళ్లు లేచాయి. కొత్త సీజన్‌లో కొరియా రెండో సీటు ఆంటీదేనని, ఆవిడ తనంతట తాను దిగితే తప్ప దించడానికి లేదని మావాడు గ్రూపులో రూల్‌గా రాసి పిన్ చేశాడు. ఆంటీ కింద ఒక్క మాట టైప్ చేసింది: "చదివాను."

కొత్త సీజన్ వచ్చే నెల మొదలు. అంకుల్ వాళ్ల కొరియా కారు మూడేళ్ల లీజు. అది పోయిన వారంతో ముగిసింది. వెనక్కిచ్చేసి, ఆ రోజు డీలర్ దగ్గర స్టాకులో ఉన్న జపాన్ కారు తెచ్చుకున్నారు. రీసేల్ బావుంటుందట. ఇప్పుడు జపాన్ తరఫున తొమ్మిది మందిమి, లెక్కలో ఉండేది ఇద్దరే. ఫ్లోర్ మ్యాట్లు ఫ్రీగా ఇచ్చారు.